తొలిస్నానం గుడ్డు

అనగా అనగా సముద్రం నడుమ ఒక దీవి, ఆ దీవిలో ఒక ఊరు. ఆ ఊరి కంటే ముందు నుంచీ అక్కడ పక్షులుండేవి. మొన్న జూలో నిప్పుకోడిని చూసి నోళ్ళు తెరిచారే, అది వీటి పక్కన నిలబడితే కోడిపిల్లే. రోకళ్ళలాంటి కాళ్ళు, బానంత గుడ్డు. ఎగరడం మాత్రం రాదు. ఊ కొట్టండర్రా, గోడకి చెప్పట్లేదు నేను!

ఆ ఊళ్ళో ఒక ఆచారం. బిడ్డ పుట్టగానే ఆ పక్షి గుడ్డు పగలగొట్టి, సగం పెంకులో వేణ్ణీళ్ళు పోసి తొలిస్నానం చేయించాలి. అప్పుడే బిడ్డ కాళ్ళు గట్టిపడతాయట. ఒకరికి వాడిన పెంకు ఇంకొకరికి పనికిరాదు, మైలట! ఇక చూస్కోండి, ఇంటికో పురుడు, పురుడుకో గుడ్డు, గుడ్డుకో పక్షిపిల్ల పోయె. ఎవరైనా అడిగితే, ఎగరలేని పిట్టలు ఎక్కడికి పోతాయిలే అనేవాళ్ళు. వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ గుడ్లు తెచ్చిపెట్టే ఇంటికి పేరిందేవి అని కోడలొచ్చింది. అడవంతా తిరిగే పిల్ల కనక ఆమెకే తెలిసింది, మిగిలింది ఒక్క జంట, ఒక్క గుడ్డు అని. మగపక్షి తిండి మానేసి దాన్ని పొదుగుతోంది. సరిగ్గా అప్పుడే పేరిందేవికి నెలలు నిండాయి.

అత్తగారి కాళ్ళు పట్టుకుందిరా పాపం. నా బిడ్డకి పాత పెంకు చాలు అత్తయ్యా, ఆ ఒక్క గుడ్డూ వదిలెయ్యండి అంది. అత్తగారు వెంకాయమ్మ వింటేనా? నా మనవడికి మైల పెంకా, ఊళ్ళో తలెత్తుకోవద్దూ అని కసిరింది. మొగుడా? గోళ్ళు గిల్లుకుంటూ కూచున్నాడు. కోడలు నొప్పులు పడుతుంటే, వెంకాయమ్మ నలుగురిని వెంటేసుకెళ్ళి డప్పులు కొట్టించి, పక్షుల్ని బెదరగొట్టి గుడ్డు ఎత్తుకొచ్చింది.

పగలగొడితే లోపల సొన లేదమ్మా. ముక్కూ కాళ్ళూ వచ్చిన పిల్ల ఉంది. ఒక్కసారి మెడ ఎత్తి వాల్చేసింది. వెంకాయమ్మ దాన్ని పెరట్లో పారేయించి, పెంకు కడిగి, అప్పుడే పుట్టిన మనవడికి నీళ్ళు పోసింది. ఊరంతా వచ్చి దీవించి మిఠాయి తినిపోయింది. పేరిందేవి మాత్రం ఆ మిఠాయి ముట్టలేదు.

పెద్ద పక్షులు రెండూ ఖాళీ గూడు చుట్టూ తిరిగి తిరిగి, ఆ వానాకాలం దాటకుండానే చచ్చిపోయాయి. ఏడవకే నాగూ. చెబుతుంటే నాకూ ఏడుపే వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

మరుసటేడు పక్కింట్లో ఆడపిల్ల పుట్టింది. గుడ్డేదీ? దీవంతా గాలించారు, లేదు. ఇక చేసేది లేక, ఆ పిల్ల అమ్మమ్మ భయపడుతూనే కాళ్ళు చాపుకుని, మిమ్మల్ని నేను పడుకోబెట్టుకున్నట్టే పడుకోబెట్టుకుని, చెంబుతో నీళ్ళు పోసింది. ఆ పిల్లకి ఏమైందంటారు? ఏమీ కాలేదు. ఏడాది తిరక్కుండా గడప దాటి పరిగెత్తింది. ఆ తర్వాత పుట్టినవాళ్ళందరికీ చెంబు నీళ్ళే, అందరూ పరిగెత్తారు. ఊరు సుఖంగా ఉంది. వెంకాయమ్మ కూడా నిండుగా బతికింది.

ఫలానాది మానేస్తే కొంప మునుగుతుందని ఎవరైనా అంటే, ముందు ఒకసారి మానేసి చూడండర్రా. ఆ చెంబు నీళ్ళేవో ఒక్క ఏడాది ముందు పోసుంటే సరిపోయేది.

కథ కంచి దారి పట్టింది. మీరు పడుకోండి, నాకిప్పుడు నిద్ర రాదు.