గుబురన్న కాచిన గంజి

వెదురుకోన అడవిలో జింకలు, కుందేళ్లు, ముళ్లపందులు కలిసిమెలిసి ఉండేవి. అందరికీ వండిపెట్టే ఎలుగుబంటి గుబురన్నదీ ఆ అడవే. అతని మనసు వెన్న. కానీ వంట దగ్గర మాత్రం ఎవరి మాటా వినడు.

వానాకాలంలో ఒక ఉదయం జింకమ్మ పరుగున వచ్చింది.

"అన్నా, మా బుజ్జిదానికి జ్వరం. నిన్నటి నుంచి ఏమీ ముట్టలేదు. ఇంట్లో మిగిలింది ఈ గుప్పెడు వెదురు బియ్యమే. కాస్త గంజి కాచిపెట్టవూ?"

గుబురన్న మనసు కలుక్కుమంది. "నువ్వెళ్లి పిల్ల దగ్గర కూర్చో చెల్లీ. చిటికెలో తెస్తా" అన్నాడు.

కుండలో నీళ్లు, బియ్యం పోసి పొయ్యి రాజేశాడు. చన్నీళ్లు గోరువెచ్చనయ్యాయి, బాగా కాగాయి, చివరికి సలసలా మరిగాయి. గింజ మాత్రం ఇంకా మెత్తబడలేదు. పిల్ల ఆకలి గుర్తొచ్చి గుబురన్నకు కాలు నిలవలేదు. వాన తగలకుండా దాచుకున్న ఎండుకట్టెలన్నీ తెచ్చి పొయ్యిలో కుక్కాడు.

పక్క పొదలోంచి ముసలి ముళ్లపంది తల బయటపెట్టింది. అందరూ ఆమెను ముళ్లవ్వ అంటారు.

"అన్ని కట్టెలెందుకు నాయనా?"

"మంట పెరిగితే నీళ్లు ఇంకా వేడెక్కుతాయి. గింజ తొందరగా ఉడుకుతుంది."

"మరిగే నీళ్లు అంతకన్నా వేడెక్కవు. నువ్వు పెంచే మంటంతా వాటిని ఆవిరి చేయడానికే పోతుంది. మంట తగ్గించి మూత పెట్టు."

"నాకే వంట నేర్పుతావా అవ్వా?" అని గుబురన్న నవ్వి, గంజిలోకి తేనె తెద్దామని చెట్టెక్కాడు.

తిరిగొచ్చేసరికి కుండలో నీటిచుక్క లేదు. అడుగున గింజలు బొగ్గయ్యాయి. గుబురన్న అక్కడే కూలబడి ఏడ్చాడు.

"పిల్ల నోటిదగ్గరి కూడు నేనే మాడ్చేశాను అవ్వా."

ముళ్లవ్వ దెప్పలేదు. తన కోసం దాచుకున్న గుప్పెడు వెదురు బియ్యం తెచ్చి అతని చేతిలో పోసింది. "ఇంక నా దగ్గరా లేవు. వేరే కుండ పెట్టు" అంది.

కట్టెలన్నీ తగలేశాడు కదా, పొయ్యిలో ఇక నిప్పులే మిగిలాయి. "ఇవేం సరిపోతాయి?" అని గొణిగాడు.

"సరిపోతాయి. మూత పెట్టి కదలకుండా కూర్చో."

కూర్చున్నాడు. పాపం, వంటకన్నా అదే అతనికి కష్టమైంది. నీళ్లు మెల్లగా మరిగాయి. చిన్న సెగ మీదే గింజ మెత్తగా ఉడికింది.

జింకపిల్ల గంజి తాగి కళ్లు తెరిచింది. "ఇంకొంచెం" అని అడిగింది. గుబురన్నకు కళ్లు చెమర్చాయి. తెచ్చిన తేనెపట్టు మొత్తం ముళ్లవ్వ ముందు పెట్టి, మాడిన కుండ తోముతూ కూర్చున్నాడు.

ఆ వానాకాలమంతా చలి కాచుకోవడానికి కట్టెల్లేక గుబురన్న ముళ్లవ్వ పొయ్యి దగ్గరికే చేరేవాడు. ఆమె ఒక్కరోజూ పొమ్మనలేదు.

నీతి: మంట పెంచినంత మాత్రాన మరిగే కుండ తొందరపడదు. ఎంత ప్రేమ ఉన్నా దానికి ఓర్పు తోడు కావాలి.