పాతబట్ట కట్టిన యువరాజు

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే ఆ ఊరివాళ్ళు నొచ్చుకుంటారు గాని, ఉద్దండభూపతి అనే రాజుండేవాడు. కట్టిన బట్ట మళ్ళీ కట్టడు. అంతవరకైతే సరే, ఆయన సొమ్ము ఆయనిష్టం. తన కొలువులో మరెవరూ కట్టకూడదనేవాడు, అదీ తంటా.

ఆ కొలువులో విదూషకుడు అక్కుభట్టుకు పాతబట్టల సంతంటే ప్రాణం. కుప్పలో చెయ్యిపెట్టి, అంచు లాగి చూసి, ఎండకేసి పట్టి, చంక దగ్గర కుట్టు తడిమి, నేత నికార్సుగా ఉంటే గాని బేరమాడడు. ఉతుకులకు నిలిచిందే బట్ట, మిగతాదంతా గంజి అని ఇంట్లో రోజూ చెబుతుంటే భార్యకు విసుగొచ్చేది.

ఒకనాడు ఆయన భుజాన శాలువా చూసి రాజు ముచ్చటపడి, ఏ దేశపు నేత అని అడిగాడు. సంతలో ఏరుకున్న పాతదని భట్టు నిజం చెప్పాడు. రాజు మొహం మాడిపోయింది. పాతబట్ట ఒంటిమీద వేసినవాడు ఎంతటివాడైనా పొలిమేర దాటాలని అక్కడికక్కడే శాసనం చేశాడు. సంత మూయించి, కోటలో పాతగుడ్డన్నది లేకుండా తగలబెట్టించి, అమావాస్యలోగా ఊరు విడవమని భట్టుకు ఆజ్ఞ ఇచ్చాడు.

పుట్టి పెరిగిన ఊరు ఒక్క శాలువాతో పోయిందే అని భట్టు తల బాదుకుంటూ మూటాముల్లె సర్దుకున్నాడు. ఇన్నేళ్ళు ఈయనగారిని నవ్వించినందుకు నాకిదా అని ఒళ్ళు మండిపోయింది.

అంతలో రాణిగారికి మగబిడ్డ పుట్టాడు. తీరా చూస్తే చుట్టడానికి పాతగుడ్డ లేదు. పురిటిబిడ్డకు బారసాల దాకా కొత్తబట్ట తగలకూడదు, పెద్దలు కట్టి విడిచిన మెత్తని బట్టే చుట్టాలి. మంత్రసాని జరీబట్టలన్నీ అవతలికి నెట్టేసింది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఊళ్ళో అడిగితే, శాసనానికి జడిసి, మా ఇంట పాతగుడ్డా, రామరామ అన్నారంతా. చేసేది లేక రాజు భట్టును పిలిపించాడు.

భట్టు మూట విప్పి, వెన్నలా మెత్తబడ్డ పంచె ఒకటి తీశాడు.

"ఎవరిదయ్యా ఇది?" అన్నాడు రాజు అనుమానంగా.

"సంతలో ఎవరిదని అడగరు ప్రభూ, ఎన్నాళ్ళు నిలిచిందని అడుగుతారు."

మంత్రసాని అది చుట్టగానే బిడ్డ ఏడుపు మాని నిద్రపోయాడు. రాజు హమ్మయ్య అనుకునేలోగా భట్టు చేతులు కట్టుకుని, పల్లకీ ఎప్పుడు సిద్ధం చేయించమంటారని అడిగాడు. ఎవరికని అడిగాడు రాజు.

"యువరాజుగారికి. పాతబట్ట ఒంటిమీద పడింది, ఎంతటివారైనా పొలిమేర దాటాలని తమ శాసనం. నేనూ అటే పోతున్నాను, దారిలో తోడుంటాను."

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, శాసనం చింపించి, సంత తెరిపించి, భట్టును ఊళ్ళోనే ఉండమన్నాడు. పైగా ఫెళఫెళలాడే కొత్త పంచెలచాపు బహుమతిచ్చాడు. భట్టు దాన్ని వేళ్ళతో నలిపి చూసి మొహం చిట్లించాడు.

"ఏడాదిపాటు తమరు కట్టి ఇప్పించండి ప్రభూ. నాకు గంజి పడదు."

రాజు మళ్ళీ నవ్వాడు. నవ్వుతూనే ఆ చాపు వెనక్కి తీసుకుని, తన నడుముకే చుట్టుకున్నాడు.