పదమూడు గాలులు

ఈ కథ అబద్ధమనేవాళ్ళుంటే ముందుకు రండి. పరాంకుశంగారిని కాదన్న మనిషి ఈ భూమ్మీద పుట్టలేదు. పుట్టినా రెండో జవాబు దాకా నిలవలేదు.

ముక్కూమొహం తెలియని జనం ఇంటర్నెట్లో కూడి, జీతం లేకుండా రాసుకునే విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. అందులో ప్రతి వ్యాసం వెనకా ఒక చర్చా పేజీ. ఆ పేజీల్లో పరాంకుశంగారు సింహం. ఒక కామా గురించి ఆయన రాసిన వాదన చదవడం మొదలుపెట్టినతను, ముగించేసరికి మనవల్ని ఎత్తుకున్నాడు. ఆయన నిబంధనలు ఏకరువు పెడుతుంటే మూడు జిల్లాల్లో దీపాలు మినుకుమనేవి.

ఆయన శిష్యుడు దేవసహాయం ఒకనాడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. కుమ్మరులు కుండలు కాల్చే ఆవాల మీద వ్యాసం రాస్తున్న ఒకాయనతో నెల్లాళ్ళుగా తగవు. ఆఖరి దెబ్బ ఒక్కటే మిగిలింది.

"అవతలివాడు మళ్ళీ లేవకుండా ఎలా ముగించాలి గురువుగారూ?"

పరాంకుశంగారు తొమ్మిదేళ్ళ నాటి పేజీ ఒకటి తెరిపించారు. సముద్రపు గాలుల పట్టిక. వరసలు పదహారు, నిండినవి మూడు.

రాసింది చోడిపల్లి ముత్యాలమ్మ, పడవ నడిపే తండేలు కూతురు. రోజుకో గాలి పేరు, అది వీస్తే వల ఎక్కడ వెయ్యాలో, ఎప్పుడు ఒడ్డునే ఉండాలో రాసేది. నాలుగో రోజు పరాంకుశంగారు దిగి, ఇది ఏ పుస్తకంలో ఉంది, ఎన్నో పేజీ అని అడిగారు. మా నాన్న చెప్పాడండీ అందామె. తండ్రి మాట ఆధారం కాదని ఆయన పదకొండు నిబంధనలు చూపించారు. మనిషి జ్ఞాపకం తనను తానే ఎలా మోసగించుకుంటుందో కన్నీళ్ళొచ్చేంత అందంగా రాశారు. అక్కడి ఆచారం ప్రకారం ఏడు రోజులు ఎవరూ ఎదురుచెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. ఎనిమిదో రోజు పేజీ తీయించేశారు.

ఏడాది తిరిగాక పేపర్లో ఒక తుఫాను వార్త చదివారు. ముత్యాలమ్మ రాసిన మూడింట్లో ఒక గాలి పేరే చెప్పి, ఆవేళ ఒక ఊరి పడవలు వేటకు వెళ్ళలేదట, జనం బతికారట. ఆయన పేజీ తిరిగి పెట్టించి, అడ్రసు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళారు. ఆమె కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. మిగిలిన పదమూడూ చెప్పమ్మా అని చేతులు జోడించారు.

"మీరు రాసింది మూడుసార్లు చదివానండీ," అందామె. "మా నాన్న ఊరికే అనేవాడేమో. ఇప్పుడు నా పిల్లలకి కూడా చెప్పట్లేదు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఆయన వాదించి ఉండేవారు.

దేవసహాయం ఖాళీ వరసల్ని లెక్కపెట్టాడు. తరువాత, అలవాటు కొద్దీ, ఆ పదమూడు గాలులు అసలు ఉన్నాయనడానికి ఆధారమేమిటని అడిగాడు.

"ఒక్క సాక్షి ఉంది," అన్నారు పరాంకుశంగారు. "చోడిపల్లి ముత్యాలమ్మ."