ఇంతవరకూ ఎవరూ చూడని భూతం

సినిమాలకు భూతాల ముసుగులు చేసే పైడయ్య మాస్టారి దగ్గర వినీల్ అనే శిష్యుడుండేవాడు. అతనికొచ్చిన కష్టం ఏమిటంటే, ఒక డైరెక్టరుగారు దయ్యాల సినిమా మొదలుపెట్టి, "ఇంతవరకూ ఎవరూ చూడని భూతం కావాలి" అన్నాడు. మాస్టారు ఆ పని వినీల్ చేతిలో పెట్టాడు. సొంతంగా భూతాన్ని చేయడం అతనికదే మొదటిసారి.

ఎవరూ చూడనిది ఎలా ఉంటుందో డైరెక్టరుగారికి మాత్రం ఏం తెలుసు? అంత మాట అనేసి కారెక్కి వెళ్లిపోవడం తేలిక. మట్టి పిసికేవాడికి కదా ఆ బాధ. శుక్రవారం వచ్చి చూస్తానన్నాడు. నచ్చకపోతే భూతాన్ని చెన్నై నుంచి తెప్పించుకుంటారు, వినీల్ మళ్లీ జూనియర్ ఆర్టిస్టులకు మీసాలు అతికించుకుంటూ కూర్చోవాలి.

మొదట కొమ్ములు పెట్టాడు.

"పొట్టేలు" అన్నాడు మాస్టారు, తలెత్తకుండానే.

వాటి మధ్యలో ఇంకో జత కొమ్ములు పెట్టాడు.

"రెండు పొట్టేళ్లు."

కోరలు పెంచాడు. పై కోరలు కిందికీ, కింది కోరలు పైకీ పొడుచుకొచ్చి ఒకదానిలో ఒకటి ఇరుక్కున్నాయి. నుదుటి మీద ఒక కన్ను, గడ్డం కింద ఒక కన్ను వచ్చాయి. చేతులకు తొడుగులు చేసి గరిటెలంత గోళ్లు పెట్టాడు. అవీ చాలవనిపించి వీపు నిండా ముళ్లు గుచ్చాడు.

మాస్టారు తల పట్టుకున్నాడు. "ఏటిరా ఇది? దొరికిందల్లా అతికించుకుంటూ పోడమేనా?"

"కొత్తగా ఉండాలన్నారు కదా మాస్టారూ. ఇంకేం పెట్టాలో మీరైనా చెప్పండి."

"నానేటీ పెట్టమన్లేదు."

"పోనీ ఏం తియ్యమంటారు?"

"అదీ అన్లేదు."

ఇలాంటి గురువుతో ఎవరికైనా ఒళ్లు మండుతుంది. వినీల్ ఆ కోపంలో వెళ్లి గడ్డం మీద ఇంకో కోర అతికించి వచ్చాడు. ఇలాంటి శిష్యుడితోనూ ఎవరికైనా ఒళ్లు మండుతుందనుకోండి.

మాస్టారు ముసుగులు చేసే షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ముసుగు చేసినవాడే ముందు దాన్ని తొడుక్కుని ఒక పూట గడపాలి. ఎక్కడ ఒరుసుకుంటుందో, ఎక్కడ ఊపిరాడదో అప్పుడే తెలుస్తుంది. లేకపోతే షూటింగులో నటుడి ప్రాణం మీదికి వస్తుంది. వినీల్ తన ముసుగును తొడిగి, అద్దంలో చూసుకుని, మురిసిపోయి తీసేశాడు తప్ప పూట గడిపింది లేదు.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ మాస్టారు అతని పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఇది ఏటి తింతాదిరా?"

"భూతం కదండీ. మనుషుల్ని తింటుంది."

"దేంతోటి?"

వినీల్ ఇరుక్కున్న కోరల్ని వేలితో లాగి చూశాడు.

"సరే. ముందు అన్నం తినమను" అని మాస్టారు అన్నం, పప్పు కలిపిన కంచం తెచ్చి నేల మీద పెట్టాడు. "ముసుగేసుకో, తొడుగులేసుకో. కంచం ఖాళీ అయితేనే తియ్యాలి. మజ్జిలో తీసీసేవంటే డైరెక్టరుగారికి నానే ఫోన్ చేసి రావొద్దని చెప్పీస్తాను."

వినీల్ తొడుక్కున్నాడు. కూర్చుందామంటే వీపు ముళ్లు గోడకు తగిలాయి. ముద్ద చేద్దామంటే గోళ్ల సందుల్లోంచి మెతుకులు జారిపోయాయి. వంగితే కొమ్ములు ముందు కంచాన్ని తోసేశాయి. కోరలు ఎంతకీ విడివడలేదు. షెడ్డులో అందరూ అన్నాలు మానుకుని నవ్వారు. ఇంతవరకూ ఎవరూ చూడని భూతం అంటే ఇదేనని ఎవరో అన్నారు. మాస్టారు మాత్రం నవ్వకుండా తన కంచం తాను ఖాళీ చేసి, వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు.

టీల వేళ కూడా దాటిపోయింది. చూసి చూసి విసుగొచ్చి అందరూ ఎవరి పనికి వాళ్లు పోయారు. ముసుగులో చెమట కళ్లలోకి దిగుతోంది. ఉదయం నుంచి వినీల్ ఏమీ తినలేదు. మాస్టారి మీద, డైరెక్టరు మీద, అన్నిటికంటే ఆ కోరల మీద అతనికి ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. తలను స్తంభానికేసి కొట్టాడు. కొమ్ములు విరిగాయి. ఇంకోసారి కొట్టాడు. ఎడమవైపు కోర ఊడింది.

ఆ ఊడినచోట వేలు పట్టేంత సందు దొరికింది. అంతే. బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, మెడ ఒకపక్కకు పూర్తిగా తిప్పి ఆ సందును కంచానికి చేర్చాడు. నాలుక ఒక్కటే బయటికొచ్చి మెతుకుల్ని వెతికింది. గోళ్ల వెనకవైపుతో అన్నాన్ని మెల్లగా, ఒక్క మెతుకూ పోకుండా దగ్గరికి లాక్కుంటున్నాడు. ముసుగు రంధ్రంలోంచి అతని పైవైపు కన్ను కంచాన్ని వదలడం లేదు.

వంట చేసే బంగారమ్మ గిన్నెల కోసం లోపలికి వచ్చింది. ఆ షెడ్డులో తెగిన తలకాయల పక్కన కూర్చుని బియ్యం ఏరుకునే మనిషి ఆవిడ. గుమ్మం దాటి ఆగిపోయింది.

"బాబూ, నువ్వేనా?"

అతను లేవలేదు. ఆకలి మీద ఉన్నాడు, నోటి నిండా అన్నం ఉంది. నేల మీది నుంచే మెడ ఆవిడవైపు తిప్పి, మళ్లీ కంచంవైపు తిప్పుకున్నాడు.

బంగారమ్మ వెనకడుగు వేసింది. గిన్నెలు అక్కడే వదిలేసి బయటికి పోయి, తలుపు దగ్గరికి లాగింది.

కిటికీ బయట నిలబడి చూస్తున్న మాస్టారు లోపలికి వచ్చాడు. విరిగిన కొమ్ములు ఏరి చెత్తబుట్టలో పడేశాడు. వినీల్ ముసుగు తీయకుండా, నేల మీద చెంప అలాగే ఉంచి చాలాసేపు పడుకున్నాడు. ఆవిడ ముఖం అతనికింకా కళ్లముందే ఉంది.

"మాస్టారూ" అన్నాడు చివరికి, "రేపు డైరెక్టరుగారొస్తే ఏం చూపించను?"

"ఏటీ చూపించకు. ముసుగేసుకుని ఇలాగే పడుకో. కంచం పెట్టి, ఆయన్నే వడ్డించమను."