పైనుంచి చూడకూడని బావి

దస్తగిరికి ఆ వారమంతా అన్నం సయించలేదు. జ్వరం కాదు, ప్రేమ అంతకన్నా కాదు. మోటారుసైకిలు.

ఉరుసుల్లోనూ తిరునాళ్ళలోనూ చెక్కలతో గుండ్రంగా, ఇంటికన్నా ఎత్తుగా గోడ కట్టి, ఆ నిట్టనిలువు గోడ మీద బండి తిప్పే ఆట ఒకటుంటుంది, చూసే ఉంటారు. టిక్కెట్టు కొన్నవాళ్ళు మెట్లెక్కి పైన అంచు చుట్టూ నిలబడి లోపలికి తొంగి చూస్తారు. జనం దాన్ని చావుబావి అంటారు. దాంట్లో బతికేవాళ్ళు మాత్రం ఆ మాట నోట రానివ్వరు, ఉత్త బావి అంటారు. ఆ బావిలో బండి తిప్పేవాడు దస్తగిరి.

బండి పాతది, చిన్నది. ట్యాంకు మీద రంగు మోకాళ్ళ ఒరిపిడికి ఎప్పుడో పోయింది. నిజానికి అది అతని గురువు పీరాసాయిబుది. బావిలో పడి మోకాలు విరిగిన ఏడాది పీరాసాయిబు దాని తాళంచెవి దస్తగిరి చేతిలో పెట్టి, ఇంక నువ్వు తిప్పు బేటా అన్నాడు. ఆ రోజు దస్తగిరి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇప్పుడు అదే బండిని చూస్తే ఒళ్ళు మండుతోంది.

ఎందుకు మండదు మరి! పోయిన ఉరుసులో వీళ్ళ పక్కనే ఇంకో బావి వెలిసింది. వాళ్ళది పెద్ద బండి. స్టార్టు చేస్తే బొరుగుల అంగళ్ళ దాకా నేల అదిరింది. జనం అటు ఎగబడ్డారు. ఇటు వచ్చిన నలుగురిలో ఒక కుర్రోడు పైనుంచి వంగి, ఇదేందిరా, పాలోళ్ళ బండి మాదిరి ఉంది అన్నాడు. పక్కనోళ్ళు నవ్వారు. కింద కిక్కు కొట్టబోతున్న దస్తగిరికి ఆ మాట స్పష్టంగా వినబడింది. ఆ ఆట ఎట్లా ముగించాడో అతనికే తెలీదు.

టౌన్లో ఒకాయన ఈ బండి తీసుకుని పెద్ద బండి ఇస్తానన్నాడు. మిగతాది నెలనెలా కట్టుకోమన్నాడు, సాయంత్రంలోగా మాట చెప్పమన్నాడు. దస్తగిరి మనసు అప్పటికే ఆ పెద్ద బండెక్కి కూర్చుంది. కానీ గురువు చేతుల మీదుగా వచ్చిన బండి కదా, ఆయనతో ఒక మాట అనకుండా అమ్మడానికి చెయ్యాడలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆటకు ముందు పీరాసాయిబు చేతికర్ర ఊతంతో బావిలో చుట్టూ తిరుగుతూ, చెక్కలు వదులయ్యాయేమోనని ఒక్కొక్కదాన్నే వేలి కణుపుతో కొట్టి చూస్తున్నాడు. దస్తగిరి వెనకాలే నడుస్తూ తన బాధంతా వెళ్ళబోసుకున్నాడు. పెద్ద బండి చప్పుడెట్లుంటుందో, దాని మీద కూర్చున్నవాడు ఎంత నిండుగా కనిపిస్తాడో, ఈ ఎలకపిల్లతో లాగితే వచ్చే ఏడాదికి బావి చెక్కలు పొయ్యిలో పెట్టుకోవాల్సిందేనని, అన్నీ చెప్పాడు. పాలోళ్ళ బండి అన్న మాట మాత్రం మింగేశాడు. కొన్ని మాటలు తిరిగి చెప్పుకుంటే ఇంకోసారి దెబ్బ తిన్నట్టే ఉంటుంది.

పీరాసాయిబు ఆఖరి చెక్క కూడా కొట్టి చూసి, అప్పుడు ఇటు తిరిగాడు.

"కింద ఉండేవాడికి ఏం తెలుస్తాది? పైకి పో. జనంలో నిలబడు. నేను తిప్పుతా. బండిలో ఏం తక్కువైందో బాగా చూసొచ్చి చెప్పు. నువ్వు మార్చమంటే ఈ పొద్దే మార్చేద్దాం."

దస్తగిరి ఆయన మోకాలి వంక చూశాడు. ఆ మోకాలితో బండెక్కితే నాకు చెప్పకండని డాక్టరు ఎప్పుడో చేతులు దులిపేసుకున్నాడు. అది ఒక భయం. అంతకు మించింది ఇంకోటి ఉంది. బావిలో తిరిగేవాడు బావిని పైనుంచి చూడకూడదు. వాళ్ళల్లో తాతల నాటి కట్టు అది. ఒక్కసారి పైనుంచి చూశాడంటే లోతు కళ్ళల్లోకి దిగుతుందట, ఆ తర్వాత బండెక్కాలంటే కాళ్ళు లేవవట. అట్లా పైకెక్కి చూసినవాడొకడు ఇప్పుడు ఉరుసుల్లో గాజులమ్ముకుంటున్నాడు. దస్తగిరి ఈ పనిలోకి వచ్చినప్పటినుంచి ఆ మెట్ల మీద కాలు పెట్టి ఎరగడు. ఆ కట్టు అతనికి నేర్పింది కూడా ఈ పీరాసాయిబే.

"పైకి పోగూడదు గదా ఉస్తాద్?" అన్నాడు.

"పొమ్మంటున్నా."

ఇంక దానికి తిరుగేముంది? దస్తగిరి బయటికొచ్చాడు. మెట్ల దగ్గర పీరాసాయిబు భార్య జైనాబీ టిక్కెట్లు చించుతోంది. ఎన్నడూ లేనిది అతను మెట్లెక్కుతుంటే వింతగా చూసింది. అంతలో లోపల కిక్కు కొట్టిన చప్పుడైంది. బండి ఎవరు తిప్పబోతున్నారో ఆమెకు అర్థమైపోయింది. కేకలెయ్యలేదు, లేచి లోపలికి పరుగెత్తలేదు. కొంగు తలమీదికి లాక్కుని పెదాలు కదుపుతూ కూర్చుండిపోయింది. ఆమె ముఖం చూసి దస్తగిరికి తన మీద తనకే అసహ్యం వేసింది.

పైన ఒక మాదిరిగా జనమున్నారు. దస్తగిరి అంచు పట్టుకుని కిందికి చూశాడు. ఇంత లోతా? తాను రోజూ తిరిగేది ఇందులోనా? పట్టుకోవడానికి పిడికెడు గరుకైనా లేదే ఈ గోడకి! గాజులమ్ముకునేవాడు గుర్తొచ్చాడు. పక్కనున్న ముసలమ్మ, నాకు భయం నాయనా, కొంచెం పట్టుకో అని అతని మణికట్టు దొరకబుచ్చుకుంది. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చెప్పడం కష్టం.

కింద తలుపు మూసుకుంది. పీరాసాయిబు వంగి నేలను తాకి కళ్ళకద్దుకున్నాడు. పైనుంచి ఆయన మరీ చిన్నగా, గుప్పిట్లో పట్టేంతగా కనిపించాడు. కర్ర నేల నడిమధ్యన పడేసి, కుంటి కాలిని చేత్తో ఎత్తి, ముందే స్టార్టు చేసి పెట్టిన బండి మీదుగా వేసుకున్నాడు. ఎవరో ఈ ముసలాయనా అన్నారు. ఇంకెవరో నవ్వారు.

బండి నేల మీద ఒక చుట్టు తిరిగింది. వాలు చెక్కలెక్కింది. ఎక్కిందెప్పుడో తెలీకుండా గోడ మీదికి వచ్చేసింది.

నవ్విన వాళ్ళు నవ్వు ఆపేశారు. చెక్కలు గడగడలాడుతున్నాయి, జనం నిలబడ్డ అంచు ఊగుతోంది, ఆయన మాత్రం ఊగడం లేదు. చుట్టుచుట్టుకీ పైకొస్తున్నాడు. తెల్లగడ్డం భుజం మీదికి ఎగిరిపోతోంది. అంచుకు బెత్తెడు కిందికి వచ్చి, అక్కడ రెండు చేతులూ వదిలేశాడు.

ముసలమ్మ అల్లా పేరూ నరసింహస్వామి పేరూ కలిపి తలుచుకుంది.

పీరాసాయిబు నెమ్మదిగా ఒక పక్కకు తిరిగి, కాళ్ళు రెండూ ఒకే వైపు వేసుకుని, ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో ఒక అద్దం తుడిచాడు. వెలుగుకు ఎత్తి చూశాడు. ఇంకా మరకుందనిపించిందో ఏమో, నోటితో ఆవిరి ఊది మళ్ళీ తుడిచాడు. రెండోదీ తుడిచాడు. తుడిచినంతసేపూ గోడ మీద తిరుగుతూనే ఉన్నాడు. జోడు పెట్టుకుని తలెత్తి, పైనున్నవాళ్ళని ఒక్కొక్కరినే చూడడం మొదలుపెట్టాడు. ఆ చూపు తగిలిన మనిషల్లా నోరు తెరుచుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఆయన లాక్కుపోతాడని రూపాయల నోట్లు చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి, ఎవరూ ఊపడం లేదు. ఒక చంటిబిడ్డ ఏడుపు మానేసింది.

చూపు దస్తగిరి దగ్గరికి వచ్చింది. పొద్దున టీ తాగుతూ, ఏం బేటా, నిద్ర పట్టిందా అని అడిగేటప్పుడు చూసే చూపే అది. చావుకు బెత్తెడు దూరంలో అదే చూపు. ఇన్నేళ్ళు ఈయన వెనకాల తిరిగి, ఈయన అన్నం తిని, ఈయన్ని ఎన్నడూ చూడనే లేదనిపించింది దస్తగిరికి. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి, ముసలమ్మ చెయ్యి కూడా వాటితోపాటు లేచింది.

తర్వాత ఆయన ఎట్లా దిగాడో, బండి ఎప్పుడు ఆగిందో తెలీదు. చప్పుడాగాక కూడా కాసేపు ఎవరూ కదల్లేదు. చప్పట్లు కొట్టాలని ఒకరికీ తోచలేదు.

దస్తగిరి మెట్లు దిగాడు. ఒక్కో మెట్టూ చూసుకుని చూసుకుని కాలు వేశాడు. జైనాబీ అతని వైపు చూడకుండానే, బాగుండాడా అని అడిగింది. అతను తలూపాడు. తలుపు తీసుకుని లోపలికి పోయేసరికి పీరాసాయిబు నేల మీద చతికిలబడి రెండు చేతులతో మోకాలు ఒత్తుకుంటున్నాడు. ముఖమంతా చెమట. నొప్పి దాచుకోవడానికి ఏమాత్రం ప్రయత్నించడం లేదు.

"చూసినావు గదా. బండికి ఏం తక్కువ?"

దస్తగిరి పైన తాను చూసింది గుర్తు తెచ్చుకోవాలనుకున్నాడు. కళ్ళజోడు గుర్తొచ్చింది. అద్దం మీద ఊదిన ఆవిరి గుర్తొచ్చింది. ఆ చూపు గుర్తొచ్చింది. ఎంత వెతుక్కున్నా ఇంకేమీ దొరకలేదు.

"నేను బండిని చూడ్లేదు ఉస్తాద్."

పీరాసాయిబు కర్ర అందుకుని, గోడ పట్టుకుని, మెల్లగా లేచాడు. తలుపు దాకా కుంటుకుంటూ పోయి అక్కడ ఆగాడు.

"జనం పైన్నే ఉండారు ఇంకా," అని, బయటికి పోయి, దస్తగిరినీ బండినీ లోపలే ఉంచి తలుపు దగ్గరికి వేశాడు.