దేనికి ఊఁ అన్నాడో

వెంకటావధాన్లుగారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరని, కాళ్ళతో చెబుతారని ఆయన శిష్యులు చాటున నవ్వుకునేవారు. ప్రశ్న చెవిన పడగానే ఆయన లేచి, కండువా భుజాన వేసుకుని, "పదరా, చిన్న పనుంది" అనేవారు. ఆ పని సంతలో వంకాయలు ఏరడం కావచ్చు, ఎవరింట్లోనో జ్వరంతో పడుకున్న మనిషిని పలకరించడం కావచ్చు. తిరిగొచ్చేసరికి అడిగినవాడికి జవాబే దొరికేదో, అసలు ప్రశ్నే మారిపోయేదో ఆ పైవాడికే తెలియాలి.

కామేశం ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకుంటున్నాడు. హైస్కూల్లో పంతులుద్యోగం, భార్య సుభద్ర, ఇద్దరు చిన్నపిల్లలు. తెల్లారగట్టే లేచి ధ్యానానికి కూర్చునేవాడు పాపం. కూర్చున్నాడో లేదో కుక్కరు కూత, పిల్లల కొట్లాట, "ఏవండీ, పాలవాడికి రేపు ఎక్కువ పొయ్యమని చెప్పారా?" అంటూ వంటింట్లోంచి కేక. ఇక మనసెక్కడ కుదురుతుంది, నా తలకాయ! ఇంట్లో ఉన్నంతసేపూ సంతలో ఉన్నట్టే ఉంటుందని తోటి శిష్యుల దగ్గర వాపోయేవాడు.

ఒక ఆదివారం పొద్దున పాఠం అయ్యాక, పుస్తకం మడిచిపెట్టి అడిగాడు.

"గురువుగారూ, భానుమూర్తిగారి నిబ్బరం నాకు ఎప్పటికైనా పట్టుబడుతుందంటారా?"

భానుమూర్తిగారు అవధాన్లుగారి తొలి శిష్యుల్లో ఒకరు. తాలూకా కచేరీలో పనిచేసి రిటైరయ్యారు. జపానికి కూర్చుంటే పక్కన పిడుగు పడినా ఆయన రెప్ప కదలదని ఊళ్ళో పేరు. ఈ మధ్యనే ఆయన భార్య సీతారత్నంగారు, గుండ్రాయిలా తిరిగే మనిషి, ఉన్నట్టుండి పోయారు. శవం పక్కన కూడా ఆయన అలాగే కళ్ళు మూసుకుని కూర్చున్నారట, ఒక్క చుక్క కన్నీరు రాల్చలేదట. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆ సంగతి విన్న కామేశానికి మాత్రం ఒళ్ళు పులకరించింది. మనిషై పుట్టినందుకు అలా ఉండాలి అనుకున్నాడు.

అవధాన్లుగారు కండువా అందుకున్నారు.

"ఇవాళ ఆవిడ పదోరోజు. పద, రేవు దాకా నడుద్దాం."

వాళ్ళు వెళ్ళేసరికి గోదావరి ఒడ్డున కార్యక్రమం చివరికొచ్చింది. కొడుకుల్లేరు కనుక భానుమూర్తిగారే కర్మ చేస్తున్నారు. తడిపంచెతో, గెడ్డం మాసి, సగమైపోయి ఉన్నారు. ఇసుకలో ఆకు మీద పిండం పెట్టి అందరూ దూరంగా జరిగి నిలబడ్డారు. ఇక కాకి ముట్టాలి. ముడితే పోయిన మనిషి తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు బతికున్నవాళ్ళు ఆ కోరికేమిటో కనిపెట్టి, తీరుస్తామని పైకి మాటివ్వాలి. ఇది తరతరాలుగా నమ్ముతున్న మాటే. రేవులో కాకులకేం కరువు! ఒకటి గెంతుకుంటూ ఆకు దగ్గర దాకా వచ్చింది, మెడ వంచి చూసింది, మళ్ళీ వెనక్కి పోయింది.

సీతారత్నంగారి తమ్ముడు ముందుకొచ్చాడు. "అక్కా, నీ కూతురికి పుట్టింటి లోటు రానివ్వనే. నాదీ పూచీ."

కాకి కదల్లేదు. కూతురు వసుంధర చేతులు జోడించింది. "అమ్మా, నాన్నని నా దగ్గర పెట్టుకుంటానే. నువ్వు దిగులు పెట్టుకోకు."

కాకి ముక్కు ఇసుకలో రాసుకుంటూ కూర్చుంది. కర్మ చేయిస్తున్న బ్రహ్మగారు ఎండకేసి చూసి, "భానుమూర్తిగారూ, ఇది మీ నోటే రావాలి. ఇల్లాలి మనసులో ఏముందో మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ?" అన్నారు.

భానుమూర్తిగారు గొంతు సవరించుకున్నారు. "రత్నం, కాశీ చూపించలేదనేగా? నీ పేరు చెప్పుకుని వెళ్ళి గంగలో మునిగొస్తాను."

"అమ్మకి కాశీ ధ్యాసే లేదు నాన్నా," అంది వసుంధర మెల్లిగా. "రైలెక్కితే కడుపులో తిప్పేది తనకి."

"పోనీ ఆ రాళ్ళగాజులు... ఎప్పుడో అడిగావు కదూ. చేయించి నీ కూతురి చేతికి వేస్తాను."

"అవి అడిగింది మీ అమ్మగారు బావా," అన్నాడు బావమరిది నేలచూపులు చూస్తూ.

"అయితే సున్నుండలు. నీకు ప్రాణం కదూ, ఏటా నీ తిథికి..."

వసుంధర ఏడుపు ఆపుకోలేకపోయింది. "అవి మీకిష్టం నాన్నా. మీకిష్టమని చేసేది."

ఆ మాటతో ఆయన ఆగిపోయారు. చుట్టూ ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూసి, చివరికి అవధాన్లుగారి మొహం కనబడగానే రెండడుగులు ఇటు వేశారు.

"ఆ పొద్దున జపంలో ఉన్నాను గురువుగారూ. గుమ్మంలోకొచ్చి ఏదో చెప్పింది. కాస్త పెద్దగానే చెప్పింది. ఊఁ అన్నాను. ఎప్పుడూ అంతే, ఊఁ అంటే వెళ్ళిపోతుంది, నా దారికి అడ్డం రాదు. ఆవేళ వెళ్ళలేదు. ‘ఊఁ అన్నారు సుమండీ, మాట తప్పకూడదు’ అని నవ్వింది. ఆ ఒక్క ముక్కే చెవికెక్కింది. జపం ముగించి లేచి వెళ్ళేసరికి వంటింట్లో పడి ఉంది."

ఆయన వెనక్కి తిరిగి ఆకుకేసి చూశారు.

"మాటయితే ఇచ్చాను. దేనికిచ్చానో తెలీదు."

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. శవం పక్కన ఈ మనిషి కళ్ళు మూసుకుని ఎందుకు కూర్చున్నారో కామేశానికి అప్పుడర్థమైంది. ఆవేళ ఆయన జపం చేసుకోవడం లేదు, ఏడుపు దిగమింగుకోవడమూ లేదు. వినకుండా వదిలేసిన మాటని చెవుల్లో వెతుక్కుంటున్నారు, ఎక్కడైనా ఒక ముక్క మిగిలి ఉంటుందేమోనని. ఊరు దాన్ని వైరాగ్యం అనుకుంది. తనూ అనుకున్నాడు, పైగా దానికి అసూయపడ్డాడు కూడా.

భానుమూర్తిగారు మళ్ళీ ఆకు దగ్గరికి వెళ్ళారు. ఈసారి నిలబడలేదు. ఇసుకలో చతికిలబడి, ముందుకు వంగి, ఎదురుగా మనిషున్నట్టే అడిగారు.

"ఏమన్నావే రత్నం? ఒక్కసారి మళ్ళీ చెప్పవే. వింటున్నాను."

అడిగి, తల ఒక పక్కకి వంచి అలాగే ఉండిపోయారు. రేవులో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. అటు పడవ మీద ఎవరో ఎవరినో కేకేసి పిలుస్తున్నారు, నీళ్ళు ఒడ్డుని కొడుతున్నాయి. ఆయన ఒంట్లో ఒక్క నరం కదిలితే ఒట్టు. కాసేపటికి కాకి లేచి ఏటి మీదుగా లంకలవైపు ఎగిరిపోయింది. ఆయన అది కూడా చూసుకోలేదు.

ఎండ నెత్తికెక్కింది. బ్రహ్మగారే దగ్గరికొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "లేవండి బాబూ. కాకి రానప్పుడు దర్భలతో కాకిని చేసి ముట్టించవచ్చు. శాస్త్రం ఒప్పుకుంటుంది."

"శాస్త్రం ఒప్పుకుంటుందండీ," అన్నారు భానుమూర్తిగారు. "ఆవిడ?"

బ్రహ్మగారు రెండు దర్భలు మెలిపెట్టి, ముడివేసి, ఆయన చేతికిచ్చారు. ఆ గడ్డికాకితో పిండం ముట్టించి, దాన్ని నీళ్ళలో వదలబోతూ భానుమూర్తిగారు ఒక్కసారిగా భోరుమన్నారు. కూతురు పరుగెత్తి పట్టుకుంది. పిడుగు పడినా చలించడని పేరుపడ్డ మనిషి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తుంటే చూడలేక కామేశం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అందరితోపాటు స్నానం చేసి గురుశిష్యులు తడిబట్టలతో వెనక్కి నడిచారు. గట్టు దిగి ఊళ్ళోకి వచ్చాక, అవధాన్లుగారిల్లు ఎడమకి, కామేశం ఇల్లు కుడికి అయ్యేచోట కామేశం ఇక ఉండబట్టలేకపోయాడు.

"గురువుగారూ, ఆవిడ ఏమడిగి ఉంటుందంటారు?"

"ఏముంటుందిరా, ఏదో చిన్నదే అయ్యుంటుంది," అంటూ అవధాన్లుగారు ఎడమకే తిరిగారు. నాలుగడుగులు వేశాక, "అవునుగానీ, ఇవాళ నువ్వు బయల్దేరేటప్పుడు మీ సుభద్ర ఏమందిరా?" అని అడిగారు.

కామేశం నోరు తెరిచాడు. ఏదో అంది. చెప్పులేసుకుంటుంటే వీధి గుమ్మం దాకా వచ్చి మరీ అంది. పిల్లల సంగతా? ఒంట్లో బాగాలేదందా? అప్పుడే పాఠంలో శ్లోకం నెమరువేసుకుంటున్నాడు తను. ఎంత గింజుకున్నా ఆమె మాట ఒక్కటీ పైకి రాలేదు. తను ఊఁ అనడం మాత్రం స్పష్టంగా గుర్తుంది.

"ఏదో అందండీ," అన్నాడు. గురువుగారి వెనకాలే మరో అడుగు వేశాడు, ఏం చెయ్యాలో తోచక.

"మరి ఇంకా నా వెంట వస్తావేమిరా?" అన్నారు అవధాన్లుగారు.