సముద్రానికీ కొండకూ మధ్య పీత నడక

ఒకప్పుడు పీతలు కూడా మనలాగే ముఖం ఎటుంటే అటే నడిచేవి. వరాలూ, ఇది మీ పెద్దత్త చెప్పగా నేను విన్నదే. ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో కాస్త తారుమారు కావచ్చు. కథ మాత్రం ఇదే.

ఆ రోజుల్లో సముద్రానికీ బోడికొండకూ పెద్ద యుద్ధం.

"నా మట్టంతా కాజేశావు, ఇచ్చెయ్!" అంటూ కొండ రాళ్ళు దొర్లించేది.

"నేనడిగానా? నీ ఏరే మోసుకొచ్చి నా ఒళ్ళో పోసింది!" అంటూ సముద్రం అలలతో కొండ కాళ్ళ మీద కొట్టేది.

మధ్యలో ఉన్న ఇసుక చూస్తూండగానే తరిగిపోతోంది. ఆ ఇసుకలోనే నూకాలు అనే ఎర్రపీత బొరియ. పొట్ట కింద గుడ్ల మూట మోస్తోంది నూకాలు. దాని పిల్లలు పుట్టాల్సింది నీళ్ళలో, పెరగాల్సింది ఇసుకలో. కొండ ఓడినా, సముద్రం ఓడినా వాటికి దిక్కులేదు.

నూకాలు కొండ దగ్గరికి వెళ్ళింది. "తాతా, ఈ గొడవ ఎప్పుడాగుతుంది?"

"రేపే! సగం ఒళ్ళు విరుచుకుని ఒక్కసారిగా దాని మీద పడతాను. పూడిపోతుంది, పీడా పోతుంది."

"పడ్డాక మళ్ళీ లేస్తావా తాతా?"

కొండకు ఆ సంగతే తోచలేదు. "ముందు దాన్ని అడిగిరా. అది ఊరుకుంటే నేనూ ఊరుకుంటాను."

నూకాలు సంబరంగా గిర్రున తిరిగి సముద్రం వైపు పరుగు తీసింది. అక్కడే పొరపాటు చేసింది. పెద్దల దగ్గర సెలవు తీసుకున్నవాళ్ళు వాళ్ళకు వీపు చూపించకూడదని ఆ కాలంలో కట్టుబాటు.

"ఓహో! నాకే వీపు చూపిస్తావా? నువ్వు దాని మనిషివన్నమాట!" అని కొండ ఒక బండ దొర్లించింది. అది సరిగ్గా నూకాలు బొరియ మీద పడింది.

నూకాలు హడలిపోయి కొండ వైపు తిరిగింది. ఇప్పుడు వీపు సముద్రానికి!

"నా గుమ్మం దాకా వచ్చి మొహం తిప్పుకుంటావటే!" అని సముద్రం ఒక అల విసిరింది. నూకాలు వెల్లకిలా పడింది. మూటలోంచి కొన్ని గుడ్లు కొట్టుకుపోయాయి.

నూకాలు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఆలోచనలో పడింది. ఇద్దరిలో ఎవరికీ వీపు చూపకుండా నడవడం ఎలా?

మెల్లగా పక్కకు తిరిగి నిలబడింది. ఒక కన్ను కొండ వైపు, ఒక కన్ను సముద్రం వైపు. అలాగే పక్కకు ఒక అడుగు వేసింది. బండ పడలేదు, అల కూడా రాలేదు.

"ఏమిటే ఆ నడక, కల్లు తాగొచ్చావా?" అని సముద్రం పకపకా నవ్వింది.

"నవ్వావు కదా తల్లీ, ఇక మాట్లాడుకోవచ్చు. నువ్వేం చేద్దామనుకుంటున్నావు?"

"తుపాను గాలిని పిలిపించాను. రేపు కొండను పిండి చేస్తాను."

"కొండ పిండైపోతే ఏరు ఎక్కడ పుడుతుంది? నీకు తీపినీళ్ళు ఎవరు తెస్తారు?"

సముద్రం కాసేపు గొణిగింది. "సరే, నేను తగ్గితే అది రాళ్ళు దొర్లించదని ఏమిటి నమ్మకం?"

కొండా అదే అడిగింది. "నేను ఊరుకుంటే అది మీదికి రాదని ఏమిటి నమ్మకం?"

ఆ పూటంతా నూకాలు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఒకటి ఒప్పుకుంటే ఇంకొకటి అలిగేది. చివరికి ఒక మాట కుదిరింది. సముద్రం ఒడ్డుదాకా రావచ్చు. వచ్చినప్పుడల్లా కొండ మట్టిని ఇసుకగా తిరిగిచ్చి వెనక్కి పోవాలి. కొండ ఇక కదలకూడదు.

"దొర్లిన బండలు మాత్రం ఒడ్డునే ఉంటాయి. దాని కంటికి కనబడుతూ ఉండాలి" అంది కొండ.

"అయితే నా హోరూ ఆగదు. దాని చెవిన పడుతూ ఉండాలి" అంది సముద్రం.

"ఉండనివ్వండి" అంది నూకాలు.

ఆ బండలు లేకపోతే సముద్రం తన మాట వినేదా? ఆ హోరు లేకపోతే కొండ వినేదా? నూకాలుకు ఎంత ఆలోచించినా తెలియలేదు. ఆ రెండింటికే వదిలేసి ఉంటే ఇసుక మిగిలేది కాదని మాత్రం తెలిసింది.

సముద్రం మొదటిసారి ఇసుక పెట్టి వెనక్కి తగ్గింది. నూకాలు నీళ్ళలో దిగి మిగిలిన గుడ్లు విడిచింది. కొన్నాళ్ళకు బుల్లి బుల్లి పిల్లలు ఒడ్డుకొచ్చి, అమ్మ ఎలా నడిస్తే అలాగే నడిచాయి.

అప్పటినుంచే సముద్రం వస్తూ పోతూ ఉంటుంది. అప్పటినుంచే పీతలు కళ్ళు పైకెత్తి, కొండకూ సముద్రానికీ వీపు చూపకుండా, పక్కకే నడుస్తాయి.

వరాలూ, పీత పేరు నూకాలేనా, పైడమ్మా? కొండ బోడికొండేనా, నల్లకొండా? మీ పెద్దత్తనడిగి ఒకసారి సరిచూడవే.